గుర్రం ముద్ద

మా ఇంట్లో ఒక వీరుడు ఉండేవాడు. వాడికి పేరు లేదు. మా నాయనమ్మ వాణ్ణి ‘ఆ మహానుభావుడు’ అనేది, ప్రేమ మరీ ఎక్కువైతే ‘ఆ తిండిపోతు సచ్చినోడు’ అనేది. వాడికో నీలం గుర్రం. ఐదు గుట్టల అవతల ఐదు తలల రాక్షసుడు. ఊరి పశువులన్నిటినీ ఆ రాక్షసుడు తోలుకుపోతే మనవాడు గుర్రమెక్కి బయల్దేరతాడు. కథ అంతే. కానీ నాయనమ్మ దాన్ని అన్నం కంచం ముందు పెట్టుకునే చెప్పేది. కంచం లేకుండా చెప్పమంటే ఆవిడకు కథ వచ్చేది కాదు. మొదటి గుట్ట ఎక్కాడు, ఆకలేసింది, పప్పన్నం ముద్ద తిన్నాడు. రెండో గుట్ట ఎక్కాడు, మళ్ళీ ఆకలేసింది, గోంగూర ముద్ద తిన్నాడు. అలా పోయి పోయి ఐదో గుట్ట మీద పెరుగన్నం తిని, బ్రేవుమని త్రేన్చి, మూతి తుడుచుకుని, కత్తి దూసి ఐదు తలలూ దభేల్ దభేల్మని నరికేవాడు. మేం ఊ కొట్టాలి. కొట్టకపోతే వీరుడు గుట్ట మీదే నిలబడిపోతాడని ఆవిడ బెదిరింపు. నోట్లో ముద్ద పెట్టుకుని ఊ కొట్టడం అంత తేలికేం కాదు, అయినా కొట్టేవాళ్ళం.

మూడేళ్ళ కూతుర్ని చంకనేసుకుని నేను అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో దిగింది 2001లో. అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ నిండా మనవాళ్ళే, సాయంత్రమైతే ఏ తలుపు ముందు నిలబడ్డా పోపు వాసన. మధ్యాహ్నం మాత్రం పార్కింగ్ లాట్‌లో మనిషన్నవాడు కనిపించేవాడు కాదు. మా ఆయన పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్ళిపోతే ఇక నేనూ, నా పిల్లా, ఆ కిటికీ. పిల్లల డాక్టరమ్మ “ప్లేటు ముందు పెట్టి వదిలేయండి, తనే తింటుంది” అని చెప్పింది. అలాగేనండీ అని బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి ముద్దలు కలిపి నోట్లో పెట్టాను. నా కబుర్లు వినే దిక్కు ఆ ఊళ్ళో అదొక్కతే. దాని చేతికి ప్లేటు అప్పగించేసి నేనేం చేసుకోవాలి?

దానికీ ఆ వీరుడే. కాకపోతే నా కూతురు మొదటి గుట్ట దగ్గరే నన్ను ఆపేసింది. నేను వీరుడి ముద్ద ఎత్తగానే నోరు గట్టిగా మూసేసుకుని, “మరి గుర్రం?” అంది. గుర్రం ఏం తినేదో నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. “ఉలవలు తిందిలే” అన్నాను. కుదరదట. నడిచేది గుర్రం, మోసేది గుర్రం, దానికి అన్నం పెట్టకుండా వీడెలా తింటాడు? ఆ మాటలు దానికి రాకపోయినా ఆ మొండి మొహం చెప్పింది అదే. దాంతో ప్రతి గుట్ట దగ్గరా ముందు గుర్రం ముద్ద, ఆ తర్వాతే వీరుడి ముద్ద. రెండూ ఆ బుల్లి నోట్లోకే కదా, నాకేం నష్టం? ఆ రోజుల్లో నా పిల్ల బుగ్గలు చూసి పక్కింటావిడ దిష్టి తీయమని రోజూ పోరేది.

నాలుగేళ్ళప్పుడు ప్రీస్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. మీ అమ్మాయి బొమ్మల తలలు పీకి వరసగా పేర్చి “దభేల్” అంటోంది, ఇంట్లో అంతా బాగానే ఉందా అని టీచరు మెల్లగా అడిగింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఇంట్లో బొద్దింక కనిపిస్తే మా ఆయన మంచమెక్కి నన్ను పిలుస్తారు, అలాంటి ఇంటి మీద ఈ అనుమానమా! ఆ సాయంత్రమే కథ మార్చేశాను. వీరుడు కత్తి ఇంట్లో పెట్టి వెళ్ళాడు. రాక్షసుడు సారీ చెప్పాడు. పశువుల్ని తిరిగిచ్చి, అందరూ కలిసి ఆడుకున్నారు. స్నేహితులు కావడానికి అన్ని గుట్టలెక్కడం దేనికని గుట్టలు రెండుకు తగ్గించాను, ముద్దలూ తగ్గాయి. నాయనమ్మ వింటే “ఇదేం కథే, ఉప్పూ కారం లేకుండా” అని కసిరేది. నాకు మాత్రం మా వీరుడు కాస్త సంస్కారం నేర్చుకున్నట్టు అనిపించి సంతోషమేసింది.

పిల్లలు ఆగుతారా, పెరిగారు. మేమూ అపార్ట్‌మెంట్ వదిలి ఇంట్లోకి మారాం. దానికి పన్నెండేళ్ళు వచ్చేసరికి ఆదివారం క్లాసులో చేర్చాను. మన పిల్లలకు మన సంగతులు చెప్పే క్లాసు అది. నడిపేది ఒక పెద్దాయన, డెబ్బైల్లోనే అమెరికా వచ్చి ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరైనవారు. పిల్లలకు ఆయన అంకుల్, మాకు డాక్టర్ గారు. గొంతు పెంచడం ఆయనకు తెలియదు. ఆయన మాట్లాడుతుంటే ఫోన్లు చూసుకునే తండ్రులు కూడా తలెత్తి వినేవారు. ఒకరోజు తల్లుల్ని కూర్చోబెట్టి, మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పిన కథలుంటే చెప్పండమ్మా అన్నారు. నేను మా వీరుణ్ణి చెప్పాను, నాయనమ్మ చెప్పినట్టే, త్రేన్పుతో సహా. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

“మీ నాయనమ్మ గారు మామూలు మనిషి కాదమ్మా,” అన్నారు. “ఐదు గుట్టలంటే ఐదు ఇంద్రియాలు. రాక్షసుడు బయట లేడు, మనలోనే ఉన్నాడు. గుర్రం అంటే బాడీ. కళ్ళెం బిగించి పట్టుకోవాలి, లేకపోతే అది లాక్కుపోయిన చోటికల్లా పోతాం. ఆఖరి గుట్ట నాలుక. టంగ్‌ని కంట్రోల్ చేస్తే మిగతావన్నీ ఈజీ.”

నాకు ఒళ్ళు ఝల్లుమంది. అబద్ధం ఎందుకాడాలి, గర్వంతో కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మా నాయనమ్మ కంచం ముందు కూర్చుని చెప్పిన కథలో ఇంత లోతుందా! ఇన్నాళ్ళూ తలలు నరికే మోటు కథనుకున్నాను, తర్వాత నేనే దాన్ని పసిపిల్లల ఆట చేశాను, ఇప్పుడు అసలు అర్థం దొరికింది అనుకున్నాను. ఇంటికొచ్చేదాకా కార్‌లో అదే మాట్లాడాను. వెనక సీట్లో నా కూతురు కిటికీలోంచి బయటికి చూస్తూ అంతా వింది. మా వీరుడు ఎదిగేకొద్దీ వాడి తిండి తగ్గుతూ వస్తోందని ఆ రోజు నాకు తట్టలేదు.

ఆ ఏడాది దీపావళికి క్లాసు పిల్లలంతా నాటకాలు వేశారు. మా అమ్మాయి వీరుడి కథ తనే రాసుకుని తనే వేసింది. దాని వీరుడు గుర్రాన్ని గుట్ట కింద కట్టేస్తాడు. ఒంటరిగా ఐదో గుట్ట ఎక్కి, అన్నం నీళ్ళు ముట్టకుండా కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. రాక్షసుడు వచ్చి అరుస్తాడు, బెదిరిస్తాడు, లడ్డూలు చూపిస్తాడు. వీరుడు కదలడు. చివరికి రాక్షసుడు ఎండకు మంచు కరిగినట్టు కరిగిపోతాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. డాక్టర్ గారు కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత భోజనాల దగ్గర మా అమ్మాయి అందరికీ పులిహోర వడ్డిస్తూ తిరిగింది. తను తిన్నదా అని నేను చూడలేదు, అభినందనలు అందుకునే హడావిడిలో ఉన్నాను మరి.

ఆ వారమే “అమ్మా, నేను కూడా సాటర్‌డే ఒక్కపొద్దు ఉంటా” అంది. మా ఇళ్ళల్లో ఒక్కపొద్దు అంటే తెలిసిందే, రోజుకు ఒక్క పూటే భోజనం. నేను చిన్నప్పటినుంచీ శనివారాలు ఉంటున్నాను. అమెరికాలో పుట్టినట్టే పెరిగిన పిల్ల తనంతట తనే అడిగితే ఏ తల్లి వద్దంటుంది? తర్వాత సోమవారాలు కలిశాయి. తర్వాత ఏకాదశులు. ఇంటికో వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో ఆంటీలు నా చెయ్యి పట్టుకుని, “మావాళ్ళేమో పిజ్జా పిజ్జా అని చంపుతారు, మీ అమ్మాయిని ఎలా పెంచారండీ బాబూ!” అనేవారు. ఎలా పెంచానో నేను వివరంగా చెప్పేదాన్ని. ఆ మాటలు ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

జూన్ ఎండలో హుడీ వేసుకునేది. చలేస్తోందనేది. తల దువ్వుతుంటే జుట్టు చేతిలోకి వచ్చేది, షాంపూ మార్చాను. చుడీదార్లు వదులైతే కుట్లు వేశాను. ఎదిగే వయసు కదా, సన్నబడుతుంది అనుకున్నాను. మనవాళ్ళ ఇళ్ళల్లో అన్నం తినని పిల్లను చూస్తే ఇట్టే పసిగట్టేస్తారు. కానీ దేవుడి పేరు మీద తినని పిల్లను చూస్తే మాకు దణ్ణం పెట్టడమొక్కటే తెలుసు. ఇంకో రకంగా చూడడం మాకెవరూ నేర్పలేదు.

తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూల్లో మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. నర్సు ఫోన్ చేస్తే పరుగెత్తాను. అక్కణ్ణుంచి డాక్టరు, డాక్టరు దగ్గర్నుంచి తిన్నగా హాస్పిటల్. గుండె కొట్టుకోవడం బాగా నెమ్మదించిందన్నారు. మానిటర్ మీద ఆ గీత లేచి, పడి, మళ్ళీ ఎప్పుడు లేస్తుందా అని నేను ఊపిరి బిగబట్టి చూస్తుంటే లేడీ డాక్టరు వచ్చి జబ్బు పేరు చెప్పింది. తిండి మానేసే జబ్బు, ప్రాణం తీసే జబ్బు. “కాదండీ, మా అమ్మాయి ఉపవాసాలుంటుంది, అది మా ఆచారం” అన్నాను. ఆవిడ నన్ను కోప్పడలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. “ఆచారం గుండె ఆగేదాకా పోదు కదమ్మా” అన్నట్టే ఏదో అంది ఇంగ్లీషులో.

ఆదివారం క్లాసు డాక్టర్ గారు చూడడానికొచ్చారు. పడుకున్న పిల్లను చూసి, బయట కారిడార్‌లో గోడకు ఆనుకుని నిలబడిపోయారు. అంతటి మనిషి నా ముందు చేతులు నలుపుకుంటూ, “నేను చెప్పింది ఇది కాదమ్మా. నేను మూడు పూటలా తిని వచ్చి చెప్పేవాణ్ణి ఆ మాట. ఆ సంగతి పిల్లలకు చెప్పాలని తోచలేదు” అన్నారు. ఆయన్ను తిట్టాలని గుండెల నిండా తిట్లు పెట్టుకున్నాను. ఒక్కటీ బయటికి రాలేదు. ఈ జబ్బు ఏ ఒక్క కథ వల్లా రాదని హాస్పిటల్ వాళ్ళు ఆయన ముందే చెప్పారు. ఆయనా నమ్మలేదు, నేనూ నమ్మలేదు.

ఇంటికి పంపించేటప్పుడు థెరపిస్ట్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. వయసులో చిన్నదే, కానీ మాట ఖచ్చితంగా ఉంటుంది. ప్రస్తుతానికి అన్నమే మందు, మందులాగే పూట పూటకీ పడాలి, వాదించొద్దు, బతిమాలొద్దు, మీరూ అదే టేబుల్ దగ్గర కూర్చుని అదే అన్నం తినండి అంది. చెప్పడానికేం, నోటితో చెప్పేసింది. నా కూతురు కంచం ముందు కూర్చుంటే కంచంలో పాము ఉన్నట్టు చూసేది. అన్నం చల్లారిపోయేది, మళ్ళీ వేడి చేసేదాన్ని, మళ్ళీ చల్లారేది. బతిమాలొద్దంటే ఎలా? బతిమాలాను. తిట్టాను. ఒకసారి కంచం గోడకేసి కొట్టాను. మా ఆయన మెత్తటి మనిషి. “బంగారం, నాన్న కోసం ఒక్క స్పూన్” అని అని, ఒకరోజు మాట మధ్యలో లేచిపోయారు. ఎటు పోయారా అని చూస్తే గరాజ్‌లో, ఆపి ఉన్న కార్‌లో కూర్చుని స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడుస్తున్నారు.

ఇక నా వల్ల కాక దాన్నే అడిగాను. “ఏం కావాలే నీకు? చచ్చిపోవాలనుందా?”

అది నా వంక జాలిగా చూసింది. పద్నాలుగేళ్ళ పిల్ల, కళ్ళు రెండు గుంటలు. “నో, అమ్మా. నీకు అర్థం కాదు. నేను ఐదో గుట్ట మీదున్నా. చాలా కష్టపడి పైకొచ్చేశా. నన్ను కిందికి లాగకు, ప్లీజ్” అంది.

మా నాయనమ్మ త్రేన్పుల వీరుడు నా ఇంట్లో ఈ రూపంలో కూర్చున్నాడు. వాణ్ణి దాని ఒంట్లోంచి ఎలా దింపాలో నాకు తెలియలేదు. కొత్త కథలు చెప్పి చూశాను. హీరో తిని బలం తెచ్చుకున్నాడని చెబితే, “అది బేబీ వెర్షన్, అమ్మా” అంది. నిజమే, ఒకసారి పైకి వెళ్ళిన కథ మళ్ళీ కిందికి దిగనంటుంది. పెద్దదైపోయిన పిల్లకు పాత గౌను తొడగబోయినట్టు అయింది నా పని.

అప్పుడు నేను చేసిన పని చెబితే కొందరు నవ్వుతారు. నవ్వండి. గుడికి పోయి మొక్కుకున్నాను. స్వామీ, నా బిడ్డ తన చేత్తో కడుపునిండా తినేదాకా నేను రాత్రి భోజనం ముట్టను, శనివారాలు మంచినీళ్ళు కూడా తాగను అని. ఇంకేం చేయాలో తోచని తల్లి చేతిలో ఏముంటుంది, తన కడుపు తప్ప? మా అమ్మ నా టైఫాయిడ్‌కి అలాగే చేసింది, వాళ్ళమ్మా అలాగే చేసి ఉంటుంది. రాత్రిళ్ళు టేబుల్ దగ్గర నా ముందు కంచం ఉండేది కాదు. “వంట చేస్తూ తినేశాలే” అని అబద్ధమాడేదాన్ని. థెరపిస్ట్ అడిగితే ఆవిడకూ అదే చెప్పాను. ఇలా వారాలు గడిచాయి. పిల్ల బరువు పెరగలేదు సరికదా, తగ్గింది. మొక్కు చాలలేదేమో, ఇంకా గట్టిది పట్టాలేమో అని ఆలోచించాను తప్ప నా బుర్రకు వేరే ఆలోచన రాలేదు.

ఆ శనివారం బాగా గుర్తు. సోమవారం మళ్ళీ హాస్పిటల్లో చూస్తారు. ఇంకా తగ్గితే చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు. గుండె ఇంకెంత ఓర్చుకుంటుందో మేం చెప్పలేమనీ అన్నారు, ఆ మాట అన్నాక డాక్టరు నా కళ్ళలోకి చూడలేదు. మా ఆయన ఇండియన్ స్టోర్‌కి వెళ్ళారు. మధ్యాహ్నం ఎండ టేబుల్ మీద పడుతోంది. పెరుగన్నం, పక్కన ఆవకాయ బద్ద. చిన్నప్పుడు అది పొట్లాడి తిన్నది అదే.

“తినవే తల్లీ.”

“నో.”

“ఒక్క ముద్ద.”

“నువ్వు తిన్నావా?”

“తిన్నాను.”

“అబద్ధం.” దాని గొంతులో నీరసం, అయినా పదును ఉంది. “ఇవాళ సాటర్‌డే. నీ లిప్స్ చూసుకో ఎలా ఉన్నాయో. నువ్వు డిన్నర్ కూడా తినట్లేదు. నాకు తెలీదనుకుంటున్నావా? డైలీ చూస్తున్నా.”

“నాది మొక్కు. నీ కోసం మొక్కుకున్నాను.”

“నాది కూడా అలాంటిదే అనుకో.”

“నీది జబ్బే!” అని అరిచాను. కిటికీ అద్దాలు అదిరి ఉంటాయి.

“నువ్వు తినకపోతే భక్తి, నేను తినకపోతే జబ్బా?” అంది. ఏడవలేదు, అరవలేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. “హౌ ఈజ్ దట్ ఫెయిర్, అమ్మా?”

ఏమని చెప్పను? అది అడిగింది తప్పా? లేచి వెళ్ళి ఇంకో కంచం తెచ్చుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. అన్నం పెట్టుకున్నాను, పెరుగు వేసుకున్నాను, కలిపాను. ముద్ద ఎత్తాను.

చెయ్యి నోటిదాకా లేవలేదు. నిజంగా లేవలేదు. ఇది నోట్లో పెట్టుకుంటే నా బిడ్డ పోతుంది అనిపించింది. మొక్కు తప్పితే సోమవారం మానిటర్ మీద ఆ గీత లేవదు, అది నా చేత్తో నేనే చేసినట్టవుతుంది. వేళ్ళు వణుకుతున్నాయి. నా ఎదురుగా ఉన్నది పెరుగన్నం. దాన్ని చూస్తే నాకు చచ్చేంత భయం. అప్పుడు తలెత్తి దాని మొహం చూశాను. దీనికి రోజూ ఇలాగే ఉంటుందా? ప్రతి పూటా, ప్రతి ముద్దకూ? ఇలా వణుకుతున్న పిల్లతోనా నేను కంచాలు విసిరింది? ఓరి భగవంతుడా అని గట్టిగా ఏడ్చేశాను, చేతిలో ముద్దతోనే.

ఏడుస్తూనే నోట్లో పెట్టుకున్నాను.

“అమ్మా!” అది కుర్చీలోంచి సగం లేచింది. మొహం పాలిపోయింది. “ఏం చేస్తున్నావ్? మరి మొక్కు? దేవుడికి కోపం రాదా?”

“వస్తే రానీ. వచ్చి నాతో మాట్లాడమను.” ఉప్పగా ఉంది ఆ అన్నం, కన్నీళ్ళో ఆవకాయో తెలియలేదు. “నేనిక ఏ గుట్టా ఎక్కలేనే. నాకు ఆకలేస్తోంది. కూర్చో, కథ చెబుతాను.”

“బేబీ వెర్షన్ వద్దు.”

“ఇది నాకూ తెలియని వెర్షన్.” నిజంగానే తెలియదు. నోటికొచ్చినట్టు మొదలుపెట్టాను. “వీరుడు ఐదో గుట్ట మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. రోజులు పోయాయి. ఊ కొట్టు.”

కొట్టలేదు. నేను ఆగలేదు.

“రాక్షసుడు రాలేదు. వాడెప్పుడో కరిగిపోయాడు. యుద్ధం అయిపోయింది, వీడే గెలిచాడు. ఆ సంగతి వీడికెవరూ చెప్పలేదు. అందుకని ఇంకా కూర్చునే ఉన్నాడు. కింద వాళ్ళమ్మ చూసి చూసి, అన్నం మూట కట్టుకుని గుట్టలెక్కడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పులు. దారి పొడుగునా వాణ్ణి తిట్టుకుంటూ, తన నాయనమ్మను తిట్టుకుంటూ ఎక్కింది. పైకొచ్చి చూస్తే వాడు ఎముకల పోగు. పిలిస్తే పలకడు. ఏం చేయాలో ఆవిడకు తెలియలేదు. మూట విప్పి, వాడి పక్కన కూలబడి, తనే తినడం మొదలుపెట్టింది.” ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను. “అంతే. తర్వాత ఏమైందో నాకు తెలియదు.”

నా కూతురు హుడీ చేతుల్లోకి వేళ్ళు లాక్కుని టేబుల్ వంకే చూస్తోంది. ఎవరినో అడిగినట్టు అంది.

“మరి గుర్రం?”

మూడేళ్ళ పిల్ల గొంతు అది. అన్నేళ్ళ తర్వాత మళ్ళీ విన్నాను.

“కింద కట్టేశాడు కదా,” అన్నాను జాగ్రత్తగా. “అక్కడే ఉంది.”

“ఎవరూ పెట్టలేదా దానికి?”

“వీడు వచ్చి పెడతాడని చూస్తోంది. గుట్ట వంక చూస్తూ నిలబడింది.”

“ఇన్ని రోజులూ?” దాని గడ్డం వణికింది. “బట్ అది ఏం చేసిందమ్మా? అది ఏం తప్పు చేయలేదు కదా. దానికి కథ కూడా తెలీదు.” చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. హాస్పిటల్లో చేరిన రోజు ఏడవని పిల్ల, మెట్ల మీద పడినప్పుడు ఏడవని పిల్ల, గుర్రం కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. సన్నటి భుజాలు హుడీ లోపల ఎగిరెగిరి పడ్డాయి. నేను ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆగిపోతుందేమోనని భయమేసింది.

తర్వాత దాని కంచంలోంచే చిన్న ముద్ద తీశాను. ఉసిరికాయంత. అంతకంటే పెద్దది కలిపే ధైర్యం నాకు లేదు.

“ఇది వీరుడిది కాదు,” అన్నాను. “నీది కూడా కాదు. గుర్రం ముద్ద.”

నా చేతి వంక చూసింది. కళ్ళు గట్టిగా మూసుకుని తీసుకుంది. నమిలింది. మింగేటప్పుడు మెడ నరాలు పైకి తేలాయి. మింగింది.

కళ్ళు తెరవకుండానే “ఊ” అంది.

రెండో ముద్ద కలుపుతుంటే వేళ్ళ మధ్యనుంచి అన్నం కారిపోయింది, మళ్ళీ కలిపాను.

“ఇంకా ఆకలిగా ఉందా దానికి?” అని అడిగింది.

“ఉందే తల్లీ. చాలా ఆకలిగా ఉంది” అన్నాను.

నోరు తెరిచింది.